మిద్దె మీద మిరపకాయలు

చెబుతాను, రాసుకో. మధ్యలో ఫోను చూడొద్దు.

చిత్తూరులో మన మిద్దె మీద ఊరమిరపకాయలు పెట్టే పని నేనూ పక్కింటి సాయిబుగారి భార్యా కలిసి మొదలుపెట్టాం. ఆయన పరుపులు కుట్టేవాడు, చూపు తగ్గి మానేశాడు. ఇక ఆ ఇల్లు ఆమె చేతి మీదే నడిచింది. తిరుచానూరు మెస్సుల వాళ్ళు సరుకంతా పట్టుకుపోయేవాళ్ళు. పని పెరిగి వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకు కూడా కూలి దొరికింది.

మిరపకాయకు గాటు పెట్టి ఉప్పు మజ్జిగలో నానేస్తాం. పగలు ఎండలో పరిచి, సాయంత్రం మళ్ళీ ఆ మజ్జిగలోనే వేస్తాం. మజ్జిగంతా ఇంకేదాకా రోజూ ఇదే. మధ్యలో ఆపితే కుళ్ళిపోతుంది.

శివరాత్రి పోతే మబ్బు మాటే ఉండేది కాదు. ఆ నమ్మకంతోనే ఒక ఏడు ఎప్పటిలాగే గంగాళాల నిండా నానేశాం. రెండో రోజే మబ్బు కమ్మింది.

"అక్కా, ఈ పొద్దూ ఎండ వచ్చేట్టు లేదే," అంది ఆమె.

"నీ నోట్లో మిరక్కాయ పెట్ట. వస్తాది, పరుసు."

"పెట్టక్కా. నా నోరు ఎండిపోయుండాది, ఆడన్నా ఆరతాది."

వాన పట్టుకుంది, వదల్లేదు. ఇంట్లో ఫ్యాను కింద పరిచాం, పొయ్యి చుట్టూ పరిచాం. కాయ జిగట పట్టింది. మంచివి మిగులుతాయేమోనని ఆమె కూర్చుని ఏరింది. ఏమీ మిగల్లేదు, అంతా పారబోశాం. మరుసటి ఏడూ అంతే.

అప్పుడు మీ నాన్న ఎండబెట్టే మిషను తెచ్చాడు.

"ఇంగ వానొస్తే ఏమి, ఎండొస్తే ఏమిమా," అన్నాడు.

నిజమే. తలుపు వేసి మీట నొక్కితే చాలు. పరిచేవాళ్ళతో, ఎత్తేవాళ్ళతో పని లేకపోయింది. ఆ ఇద్దరూ రావడం మానేశారు. ఆమె మాత్రం వచ్చేది. గాట్లు పెట్టే పని ఇచ్చాను, అది మధ్యాహ్నానికే అయిపోయేది. తర్వాత ఊడ్చిన మిద్దెనే మళ్ళీ ఊడ్చేది.

ఒకరోజు తనే చెప్పింది. "తిరుచానూరు లాడ్జీలో పని సూసుకున్నానక్కా. రాత్రీ పగలూ ఆడే ఉండాల. సాయిబును రోంత సూస్తా ఉండు."

"నేను పొమ్మన్నానా?"

"నువ్వెట్ల అంటావు. అనలేవనే నేను పోతా ఉండా."

రోజూ ఆయనకు అన్నం పంపేదాన్ని. "ఆమె ఎప్పుడొస్తాది?" అని తప్ప ఇంకేమీ అడిగేవాడు కాదు.

మొన్న పండక్కి వచ్చింది. పెరుగన్నంలోకి మిషనులో ఎండిన మిరపకాయలు వేయించి పెట్టాను.

"ఆడ పని ఎట్లుండాది?"

"దుప్పట్లు మడత పెట్టేది. ఆరేసేదానికి ఆడా మిషనే." నవ్వింది.

తను కాయ కొరుకుతుంటే ఆ ముఖమే చూస్తూ కూర్చున్నాను. బాగా లేదని ఒక్క మాట అంటే, మిషను మూలన పడేసి మళ్ళీ మిద్దె ఎక్కుదామని చెప్పేదాన్ని.

"బాగుండాదక్కా," అంది. "ఎండలో పెట్టినట్టే ఉండాది. సాయిబుకు కూడా రెండియ్యి."

పొట్లం కట్టి ఇచ్చాను.