ఒకే గదికి రెండు చరిత్రలు

చేతిలో ఎం.ఏ. పట్టా కొత్తగా మెరుస్తున్న ఆ కాలంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. చరిత్ర చదివి, ఖానాపురం హవేలి నుంచి రోజూ షేర్ ఆటోలో ఇరుక్కుని, ఖమ్మంలోని పాత సర్కారు కచేరీలో కాంట్రాక్టు టైపిస్టుగా పనిచేసేదాన్ని. (చరిత్రకూ టైపుకూ సంబంధమేమిటని అమ్మ అడిగేది. నాకూ అర్థమయ్యేది కాదు.) ఆ కచేరీ నిజాం కాలంనాటి డంగుసున్నం కట్టడం. కిటికీ గట్టు మీద మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోగలిగేంత మందం గోడలు, భద్రాచలం అడవి టేకు దూలాలు, నాలుగు వైపులా కమానుల వరండాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. ఎటు చూసినా ఒకేలా ఉండేది. చేరి నెలలు గడిచినా నా కుర్చీ దొరకాలంటే ఒక్కోసారి రెండు చుట్లు తిరగాల్సి వచ్చేది.

ఒక వానాకాలం ఒక మూల పైకప్పు పెళ్లలు రాలాయి. పై అధికారులు మొత్తం కూల్చి కొత్తది కడదామన్నారు. కూల్చేముందు, పాత కట్టడాలను పరీక్షించే మేడమ్ ఒకరు ఎండాకాలంలో హైదరాబాదు నుంచి వస్తారని తెలిసింది. మా పెద్ద గుమస్తా (నోట్లో జర్దా లేకుండా ఎవరూ చూడలేదు కనుక జర్దా సారు) కుర్రతనంలో అక్కడే ఉద్యోగంలో చేరిన మనిషి. నన్ను పిలిచి, "హిస్టరీ చదివినవ్ గదమ్మా, నువ్వే చూపియ్. గట్టిగ చెప్పాలె. లేకుంటే కూలగొడ్తరు" అన్నాడు. ఆయన కళ్లు చూశాక కాదనలేకపోయాను.

నేను చదివింది మొఘలుల గురించి. ఈ కచేరీ సంగతి ఎవరికి తెలుసు? అటెండరును అడిగితే, "గుర్రాలు కట్టేటోళ్లంట మేడమ్, మా తాత చెప్పిండు" అన్నాడు. టీ తెచ్చే అక్క వెంటనే, "గుర్రాలేంది? గిది జైలుండె!" అంది. అయోమయంగా జర్దా సారు దగ్గరికి వెళ్లాను. ఆయన తీరుబడిగా నమిలి, "రెండూ ఉండొచ్చు. రెండూ చెప్పు" అని తేల్చేశాడు.

మేడమ్ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. మొదటి గదిలోకి తీసుకెళ్లి, "ఇక్కడ ఖైదీలను ఉంచేవారు మేడమ్. పారిపోకుండా ఇంత మందం గోడలు!" అన్నాను. నా మాటలకు నాకే ఒళ్లు జలదరించింది. మూలన బల్ల మీద తల వాల్చి అకౌంట్స్ సారు హాయిగా నిద్రపోతున్నాడు. చూడనట్టు దాటించి, వరండా తిరిగి, మళ్లీ తిరిగి, ఇంకో తలుపు తీశాను. "ఇది గుర్రాల శాల. పైన ఇనుప కొక్కేలు చూడండి, కళ్లేలు తగిలించేవారు."

మేడమ్ తలెత్తి చూసింది. "గంత ఎత్తునా?"

"అప్పటి గుర్రాలు పెద్దవి మేడమ్."

ఆమె చూపు మెల్లగా మూలకు వెళ్లింది. "ఆ సారు ఇందాక ఖైదీల దగ్గర పండుకున్నడు గదా. ఇప్పుడు గుర్రాల దగ్గర కూడ పండుకున్నడేంది?"

అకౌంట్స్ సారు దిగ్గున లేచి, "ఏ ఫైలు మేడమ్?" అన్నాడు.

భూమి చీలితే దూరేదాన్నే. తలుపు వేరు, గది అదే. మేడమ్ మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ కొక్కేలు తాడుతో లాగి ఊపే గుడ్డ పంకాలు వేలాడదీయడానికట, గోడల మందం ఎండ లోపలికి రాకుండానట. తర్వాత తనే ముందు నడిచి, కాసేపటికి ఆగి, "నాకు కూడ తొవ్వ తెలుస్తలేదమ్మా" అంది. మళ్లీ అదే గదిలోకి వచ్చాం. అకౌంట్స్ సారు మళ్లీ నిద్రలో ఉన్నాడు. "బయట నిప్పులు కురుస్తున్నయ్. ఫ్యాన్ తిరుగుతలేదు. అయినా ఎట్ల పండిండో చూడు. గిసుంటిది మనం మళ్ల కట్టగల్గుతమా?" అంది. మరమ్మతు చాలని పైకి రాసింది. పైనుంచి సరేనన్న కబురు వచ్చిన రోజు జర్దా సారు నోట్లో జర్దా ఉమ్మేసి, గోడను అరచేత్తో నిమిరాడు.

ఆఫీసు ఎప్పుడో కొత్త బిల్డింగుకు మారింది. మొన్న మా అమ్మాయిని పాత కచేరీకి తీసుకెళ్తే, "ఇది ఎవలు కట్టిండ్రమ్మా?" అని అడిగింది. "తెల్వదు బిడ్డా" అన్నాను. మాట ఎంత సులువుగా వచ్చేసిందో! కొత్త పట్టా పట్టుకున్న ఆనాటి నాలోని పిల్లయితే ఏదో ఒక పేరు చెప్పి, గొంతు పెంచి, నమ్మించేది కూడా. ఆ పిల్లను తలచుకుంటే నాకు నవ్వొచ్చింది, కాస్త బెంగ కూడా కలిగింది.