పచ్చజెండా మానేసిన గార్డు సాబ్

మా ఎదురింటి గార్డు సాబ్ పోయారని మంగళవారం పొద్దున పాలాయన చెప్పాడు. గిన్నె గడప మీదే పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను.

ఆయన కాజీపేటలో గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారట. పేరు పెరిగినా కూర్చునేది ఆ చివరి పెట్టెలోనే. బండి మలుపు తిరిగినప్పుడల్లా తల బయటపెట్టి, ఏ చక్రం దగ్గరైనా పొగ లేస్తోందా అని చూడాలి. ఉద్యోగమంతా పొగ కోసం చూసిన మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటాడా?

పైగా ఆయన భార్యకు, మా వదినెకు, దమ్ము, అదే ఉబ్బసం. పొగ తగిలితే ఊపిరాడదు. ఎండలు ముదిరేవేళ ములుగు అవతలి అడవుల్లో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు. మంట పాకుతుంది. గాలి ఇటు మళ్లిందంటే ఆ పొగ మా వీధిదాకా వస్తుంది. గార్డు సాబ్ ఉపగ్రహం తీసిన బొమ్మను కంప్యూటర్లో తెరిచి, తెర మీద పల్చని కాగితం ఆనించి, పొగ అంచును పెన్సిలుతో గీసేవారు. నిన్నటి గీత, ఇవాళ్టి గీత పక్కపక్కన పెడితే అది ఎటు నడుస్తోందో తెలుస్తుంది. వస్తుందనిపిస్తే బాల్కనీలో ఎర్రజెండా, రాదనిపిస్తే పచ్చజెండా.

"ఏ బండికి సాబ్ ఈ జెండా?" అని నవ్వాను.

"మీ వదినె ఊపిరికి," అన్నారు.

కొన్నాళ్లకు వీధిలో దమ్మున్న వాళ్లందరూ ఆ బాల్కనీ చూశాకే బయటికొచ్చేవారు. ఐదో తరగతితో బడి మానేసిన నాకు, మబ్బుకు కింద నీడ పడుతుందని, పల్చటి పొగకు పడదని నేర్పింది ఆయనే.

ఒక మార్చి నెలలో బొమ్మంతా మబ్బు. నిన్నటి గీత దూరంగానే ఉంది కదా అని పచ్చజెండా పెట్టారు. వదినె వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి గాలి మళ్లి, మబ్బు చాటున్న పొగ వీధిలోకి దిగింది. మూడోనాడు వదినె దవాఖానలో పోయింది.

గుండె కూడా బలహీనమేనని డాక్టరు చెప్పాడు. ఆయన చెవికెక్కలేదు.

"తమ్మీ, బండి కండ్లవడకపోతే ఆల్‌రైట్ అని పచ్చజెండా ఇయ్యొద్దని కొత్త గార్డులకు నేనే నేర్పిన. ఆనాడు మబ్బుల నాకేం కనవడ్డది? కనవడకపోతే లేదనుకున్న."

ఆ తర్వాత పచ్చజెండా ఎత్తలేదు. పొగ ఉన్నా, తెలియకపోయినా ఎర్రదే. ఏ జెండా లేకపోతే తేట అని వీధి అలవాటు పడింది. సాబ్ మాట్లాడుతూ మధ్యలో ఆగి లోపలి గదివైపు చెవి పెట్టేవారు. "మీ వదినె దగ్గు ఇనవడ్డదా?" అని నన్నడిగేవారు. లేదనేవాణ్ణి. ఒక్కసారి మాత్రం నాకూ వినపడ్డట్టనిపించింది. ఆయనకు చెప్పలేదు.

అంత్యక్రియలైన మర్నాడు, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి తన పాపను బయట ఆడిస్తోంది. ఆ పాపకూ దమ్మే.

"జెండా లేదు కద తాతా, జరసేపు ఆడనీ అనుకున్న," అంది.

ఫోన్లో ఉపగ్రహం బొమ్మ తెరిచాను. ములుగు వైపంతా తెలుపు. నీడ ఉందో లేదో నా కళ్లకు అందలేదు. ఏదడిగినా గంట చెప్పేవాణ్ణి, ఆ పొద్దు ఒక్క మాటే వచ్చింది.

"నాకు తెల్వది బిడ్డా. పాపను లోపటికి తీస్కపో."

ఆమె పాపను ఎత్తుకుపోయి కిటికీ మూసింది. ఆ చప్పుడుకు పక్కిల్లు మూసింది, దాని పక్కిల్లు మూసింది. తేటగా ఎండ కాస్తున్న వీధిలో నేనొక్కణ్ణే నిలబడి, వాసనేమైనా వస్తోందా అని గాలి పీలుస్తున్నాను.