పట్టికలో మొదటి పేరు

పాల్మాకుల ఊరి అనుపమ ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పనిలో చేరి నాలుగేళ్లయింది. వంగి వంగి నడుము పట్టేసింది. నడవలేని ప్రయాణికులను వీల్‌చైర్‌లో విమానం దాకా దింపే పని దొరికితే ఈ వంగుడు తప్పుతుందని ఆశ. ఆ పనికి ఇంగ్లీషు కావాలి. కాంట్రాక్టు కంపెనీ ఫోన్‌లో ఒక కోర్సు పెట్టి, నేర్చుకున్నవాళ్లలో ఒకరిని పరీక్ష పెట్టి తీసుకుంటామంది.

కోర్సంటే చదువు కాదు, ఆట. బొమ్మ చూసి సరైన మాట నొక్కితే చుక్కలొస్తాయి. తప్పు నొక్కితే ఒక గుండె ఆరిపోతుంది. గుండెలన్నీ ఆరితే ఆ రోజుకు ఆట బందు. చుక్కల లెక్కన వారం వారం పేర్ల పట్టిక వస్తుంది. తొలివారమే అనుపమ పేరు పైన పడింది. బతుకులో ఎన్నడూ ముందు నిలవని మనిషికి అంతకన్నా మత్తు ఏముంటుంది? అత్త లచ్చమ్మ వాడంతా టముకేసింది.

ఇక ఆ పేరు కిందికి దిగకూడదు. అయిదో పాఠం తెరిస్తే అన్నీ నొప్పుల మాటలు, రోగాల మాటలు, నోరు తిరగనివి. రెండు గుండెలు పోయేసరికి ఆమె ప్రాణం విలవిల్లాడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుని మళ్లీ మొదటి పాఠాలకే వచ్చేసింది. లిఫ్టు, లగేజీ, టికెట్టు. వచ్చినవే నొక్కుతుంటే చుక్కలకేం కొదవ!

అదే ఊరి పూర్ణిమ, ఆమెతోపాటే తుడిచే పిల్ల, రోజూ గుండెలు పోగొట్టుకుని పట్టిక అడుగున ఉండేది.

"గా కష్టం పాఠాలల్ల ఎందుకు కొట్టుకుంటవే? పాతయే ఆడుకోరాదు?" అని అనుపమ జాలిపడేది.

"తప్పువోతేనే యాదికుంటదక్కా," అనేది పూర్ణిమ.

పరీక్షనాడు కంపెనీ మేడం బొమ్మలేవీ చూపించలేదు. "ప్రయాణికుడు 'ఐయామ్ డిజీ' అంటే ఏం చేస్తారమ్మా?" అని అడిగింది.

"లిఫ్టు కాడికి తీస్కవోత మేడం."

కళ్లు తిరుగుతున్నాయని దాని అర్థం. మేడం నిట్టూర్చింది. "చుక్కలు ఇన్నున్నాయి. నాలుగో పాఠం దాటలేదేంటండీ?"

"దాటితే గుండెలు పోతయి గద మేడం."

ఆ మాట పైకి అన్నాక గానీ తనేం చేసుకుందో అనుపమకు అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. పని పూర్ణిమకు వచ్చింది.

ఇంట్లో లచ్చమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఫస్టొచ్చిన పిల్లను ఇడిసిపెట్టి ఆఖరుదానికిచ్చిన్రా? పైసలు తినిపిచ్చింది గది! ఏందే అనుపమా, గంతే గదా?"

ఇరుగుపొరుగు గడపలోకి వచ్చి నిలబడ్డారు. కాదత్తమ్మా, తప్పు నాదే అనాలి. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాటంటే ఇన్నాళ్ల ఫస్టూ ఉత్తదే అవుతుంది.

"గంతే అత్తమ్మా," అంది అనుపమ.

పొద్దున కంపెనీ బస్సులో పూర్ణిమ పక్కకు జరిగింది. "అక్కా, ఈడ కూసో రా." ఊరు తనను ఏమనుకుంటోందో ఆ పిల్లకు ఇంకా తెలియదు. అనుపమ వినపడనట్టు కడ్డీ పట్టుకుని, ఎయిర్‌పోర్టు దాకా నిలబడే పోయింది.