డెక్కు మీద గోవింద

పెరుమాళ్ళ పేరు చెప్పి ఇంటికి పిలిచి, వచ్చినవాళ్ళందరి అరికాళ్ళూ కాల్చి పంపిన ఇల్లాలిని నేను. ధర్మపురిలో మా వీధివాళ్ళు ఇప్పటికీ మా పెరట్లోకి ముందు బొటనవేలు పెట్టి చూసి, తరవాతే అడుగేస్తారు. వాళ్ళను తప్పు పట్టను.

అంతా మా అత్త కోసమే మొదలైంది. మోకాళ్ళ నొప్పితో ఆమె పెరటి మెట్లు దిగి ఏడాది దాటింది. వంటింటి కిటికీలోంచి తన కనకాంబరం మొక్కలను చూస్తా, "అవి నన్ను మరిచిపోయుంటాయి" అనేది. ఆ మాట నాకు అన్నం సహించనిచ్చేది కాదు. బెంగళూరులో ఎవరింట్లోనో చూసివచ్చిన మా ఇంటాయన ఉపాయం చెప్పినాడు. పెరటి వాకిలికి సమంగా పలకల అరుగు మాదిరి డెక్కు వేయిస్తే మెట్టే ఉండదంట. కట్టెపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు, చెదలు పట్టవు. పైన పెర్గోలా. అంటే పందిరే, కాకపోతే కప్పుండదు, దూలాలే వరసగా ఉంటాయి. కప్పులేని పందిరి నీడెట్లా ఇస్తుందని అప్పుడే అడిగుంటే మీకు ఈ కథ దక్కేది కాదు.

రంగు నేనే ఎంచినాను. పూజగది తలుపు మాదిరి, ముదురు గోధుమ. పలకలు బిగించిన మేస్త్రీ పోతా పోతా, మధ్యాహ్నం చెప్పులేసుకోండక్కా అన్నాడు.

"పెరుమాళ్ళు కూర్చునే చోట చెప్పులా? కాళ్ళు కడుక్కుని రావాల్సిందే" అన్నాను.

ఆయన నన్ను చూసి, పలకలను చూసి, సంచి సర్దుకుని పోయినాడు. ఇంట్లోనే నాకు అక్షరాలు దిద్దించిన మా నాయన భక్తి నేర్పినాడు, ఎండ పాఠం వదిలేసినాడు.

పెరుమాళ్ళకు ప్రీతైన తమిళనెల పెరటాసిలో శనివారం వచ్చింది. డెక్కు మీద స్వామి పటం పెట్టి, అరిటాకులో నైవేద్యపు తళిగ వడ్డించి, ఇరుగుపొరుగును పిలిచినాను. దీపం వెలిగేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పెర్గోలా నీడ పులిచారల మాదిరి పడింది, ఒక చార చల్లన, ఒక చార పెనం. జనం చెప్పులు విడిచి భక్తిగా అడుగు పెట్టినారు. ఒకామె గోవిందా అని ఎగిరింది. అందరూ అందుకున్నారు. ఒంటికాలి మీద నిలిచేవాళ్ళు, చార నుంచి చారకు దూకేవాళ్ళు. నా పూజకు ఇంత ఆవేశమా అని మురిసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టినాను. నేను పీట మీద కూర్చుని ఉన్నాను మరి.

కళ్ళు తెరిస్తే, చేతికర్రతో మా అత్త వాకిలి దాటి వస్తా ఉంది. నా కళ్ళు నిండినాయి. ఆమె కాస్త దూరం వచ్చి, ఆగి, నన్ను చూసింది.

"ఏమ్మా, పూజకని పిలిచి పెనం మీద నిలబెడతావా?"

అని, వచ్చినదానికన్నా బిరబిరా లోపలికి పోయింది. కర్ర డెక్కు నడుమనే పడిపోయింది. అందరం ఆ కర్రనే చూసినాం. పక్కింటి రాజక్క నా చెవిలో, "మోకాళ్ళకు ఏ తైలం రాస్తా ఉండావు?" అంది.

అత్త కాళ్ళకు చన్నీళ్ళు పోస్తా ఏడ్చినాను. ఇంక ఈ జన్మకు ఆమె బయటికి రాదనుకున్నాను. సాయంత్రం పలకలు చల్లారినాక ఆమే వాకిట్లోకొచ్చి నిలబడింది.

"నా చెప్పులేవి? స్వామి ఏమీ అనుకోడులే. పొద్దున్నుంచి ఆ కాకలోనే కూర్చున్నాడు, ఆయనకు తెలుసు."

నా చేతులతోనే తొడిగినాను. ఆమె నిదానంగా నడిచిపోయి, కనకాంబరాల పక్కన కూర్చుని, "పెరిగినారే" అని వాటిని నిమిరింది. ఆ పూట నాకు దక్కిన ప్రసాదం అదే.

పెరుమాళ్ళ సాక్షిగా మాటిస్తా ఉండాను, నడిమధ్యాహ్నం నా డెక్కు మీద ఎవరినీ ఉట్టికాళ్ళతో నిలబెట్టను. స్వామికి చెప్పులు తొడగలేను కాబట్టి, ఆయన పటం కింద తడిపిన గోనెపట్టా పరుస్తాను.