బయటికి జరిగిన చక్రాలు

మా తమ్ముడు పోయిన నెల తన ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకి స్పేసర్లు వేయించాడు. చక్రాల వెనక బిగించే మందపాటి బిళ్లలవి. వాటివల్ల చక్రాలు బాడీ దాటి బయటికొచ్చి బండి దిట్టంగా కనబడుతుంది. ఈ మధ్యాహ్నం అందరం కామసముద్రం మామిడితోటకి బయలుదేరితే ముందు చక్రంలో టకటకమని చప్పుడు. వాడు వద్దంటున్నా రాబర్ట్‌సన్‌పేటలో ఒక మెకానిక్ దగ్గర ఆపించాను.

ఆ పెద్దాయన చక్రం విప్పాడు. ఐదు బోల్టుల్లో రెండు అప్పటికే తెగిపోయి ఉన్నాయి. మూడోది ఆయన చేతిలోకే ఊడి వచ్చింది.

“బండిలో ఎంతమంది ఉండారమ్మా?”

“పిల్లలతో కలిపి ఆరుమందిమి.”

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. “చూసేదానికి బాగానే ఉండాదప్పా. చక్రం అంత బయటికి పోతే బరువంతా ఈ బోల్టులే కదా మోసేది? ఇంగ కొంచెం దూరం పోయింటే చక్రం ఒకపక్క, మీరు ఒకపక్క.”

తమ్ముడు మిగతా మూడు చక్రాల వైపు చూశాడు. “స్పేసర్లన్నీ పీకెయ్ అన్నా” అన్నాడు.

అంతలో అలాంటి చక్రాలతోనే ఒక ఎర్ర జీపు మమ్మల్ని దాటిపోయింది. వెనక సీట్లో పిల్లలు మాకు చేతులూపారు. పెద్దాయన “నిలపండప్పా!” అని అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తాడు. వాళ్లకు వినపడలేదు. బండి బేతమంగళ వైపు తిరిగింది.

మా వాడి షోకు చూసి తర్వాత నవ్వుకోండి. ఆ ఎర్ర జీపు ఎవరిదో తెలిస్తే మాత్రం ఇప్పుడే వాళ్లకు ఫోన్ చేయండి.