గుమ్మం బయట పారలు

తగువులు కొట్టుకోకుండా తీర్చుకోవడం నేర్పడానికి మా ఊరి చర్చి హాలుకి మండపేట నుంచి ఒక టీచరమ్మగారు వచ్చేవారు. పొలం నుంచి నేరుగా వచ్చే మాతో, "పారలు బయట పెట్టి రండి బాబూ" అనేవారు నవ్వుతూ.

రెండో పంట దాళ్వాకు నీళ్లు చాలకపోయిన ఆ ఏడు, బోదె కాలువ నీటి వంతు కోసం తగువుపడ్డ అన్నదమ్ములను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "మీ తమ్ముడేమన్నారో ముందు మీరు చెప్పండి" అన్నారు అన్నతో. చెప్పాడు. ఇద్దరూ ఏడ్చారు. మేం చప్పట్లు కొట్టాం.

బయట పారలు తీసుకుంటుంటే వంతు మాట మళ్లీ వచ్చింది. అన్న పార దెబ్బకి తమ్ముడు ఆ గుమ్మంలోనే ప్రాణం వదిలాడు.

మరుసటి వారమూ ఆవిడ వచ్చారు. అలవాటుగా మేం పారలు బయట గోడకి ఆనిస్తుంటే, "లోపలికి తెచ్చుకోండి, నా కళ్ల ముందుండాలి" అన్నారు.

పాఠం చెప్పినంతసేపూ ఆవిడ చూపు పారల మీదే ఉంది. మా మొహాలకేసి మళ్లీ ఎప్పుడూ చూడలేదు.