ఖురాన్ పేజీలో నిండిన పువ్వు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పట్నుంచీ విసుగు. నేను ఫొటోగ్రాఫర్ని. లెన్సుకి దొరకనిది లేదనుకునే మనిషిని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. దోహాలో ఒక పెద్దాయన సొంతంగా సేకరించుకున్న పాత అరబ్బీ చేతిరాత పుస్తకాలకి ఫొటోలు తీయడం అప్పట్లో నా డ్యూటీ. వాటిని బాగుచేసే పని హనాన్ మేడమ్‌ది. ఆవిడ సిరియా మనిషి. ఆ పుస్తకాలుండే గది తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉండేవి.

ఒకసారి వందల ఏళ్ళనాటి ఖురాన్ పేజీ వచ్చింది. నల్ల సిరాతో నిండైన అక్షరాలు. ప్రతి వచనం చివర బంగారు పూతతో చిన్న పువ్వు, చుట్టూ నీలం చుక్కలు. ఆఖరి వచనం దగ్గర మాత్రం ఉత్త గుండ్రటి గీత. లోపల ఖాళీ. అక్షరాలు రాసేవాడు ఒకడు, బంగారం పెట్టేవాడు ఇంకొకడట. ఆ రెండోవాడు ఎందుకో ఆపేశాడని మేడమ్ చెప్పింది. ఆ ఖాళీని దగ్గర్నుంచి ఫొటో తీశాను.

తర్వాతి వారం వెనకవైపు తీద్దామని ఆ పేజీ దాచిన పెట్టె తెరిచాం. ఆ గుండ్రం నిండా బంగారం. చుట్టూ నీలం చుక్కలు.

మేడమ్ నావైపు తిరిగింది. "ఏం చేశావ్?" అంది.

నేను బ్రష్షు పట్టి ఎరగను. ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రానికి పెద్దాయన మేనేజర్ నా తాళం, బ్యాడ్జి తీసేసుకున్నాడు. కేసు పెడతామని, తేలేదాకా దేశం దాటలేవని చెప్పాడు.

అప్పుడు నా భార్య గ్రేస్‌కి ఏడో నెల. పురుడికి ఇంటికెళ్ళడానికి టికెట్లు కూడా తీసుకున్నాం. అల్ వుకైర్‌లోని మా ఫ్లాట్‌లో పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. "మీరు చెయ్యలేదని నాకు తెలుసండీ. వాళ్ళకెలా చెబుతాం?" అంది. మోకరించాను గాని ఏమని ప్రార్థించాలో తోచలేదు. నేనే చేసి మర్చిపోయానేమో అని కూడా అనిపించింది. లైటు కింద చేతులు పెట్టి గోళ్ళ సందుల్లో బంగారం కోసం వెతుక్కున్నాను.

కేసు పెట్టేముందు ఆ పేజీని పరీక్ష చేసి నన్ను పిలిపించారు. మేడమ్ మైక్రోస్కోపులోకి చూడమంది. పువ్వు మధ్యలో పురుగు తొలిచిన సన్నటి కన్నం ఉంది. బంగారం దాని అంచుదాకా వచ్చి ఆగింది. కన్నంలోకి ఒక్క పిసరు జారలేదు. పురుగు బంగారాన్నీ కాగితాన్నీ కలిపే తొలిచింది. మిగతా పువ్వుల్లాగే అదే అరుగుదల, అవే పగుళ్ళు. అంటే ఆ బంగారం పురుగుకంటే ముందే అక్కడుంది.

హమ్మయ్య అనుకునేలోపే మేనేజర్ అన్నాడు, "అయితే ఫొటోనే మార్చావన్నమాట."

నా ఫొటోలో అదే కన్నం ఉంది, చుట్టూ వట్టి కాగితం. ఎటు చూసినా నేనే దొంగ. "సార్, నా భార్య..." అన్నాను. కాళ్ళు పట్టుకుందామని వంగాను.

అప్పుడు మేడమ్ నా భుజం పట్టి ఆపింది. "ఫొటో మార్చలేదు. ఆ ఖాళీని నా కళ్ళతో చూశాను. ఇతన్ని జైలుకి పంపిస్తే నన్ను కూడా పంపించండి" అంది.

కేసు పెట్టలేదు. నా తాళం తిరిగివ్వలేదు కూడా. మేం ఇంటికెళ్ళాం, పాప పుట్టింది. మళ్ళీ దోహా వచ్చి ఇప్పుడు ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాను.

మేడమ్ అప్పుడప్పుడు ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడుగుతుంది. ఒకసారి ఉండబట్టలేక ఆ పువ్వు సంగతి ఎత్తాను. "నన్ను అడగొద్దు" అంది.

ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తెగలేదు. ఆ పువ్వు ఎవరు పెట్టారో తెలియదు. ఎప్పుడు పెట్టారో చెప్పమంటే, అసలే చెప్పలేను.